చూడాల్సింది 1215 కాదు, 1354

బుల్డోజర్ కూల్చివేతల మీద రాసే ప్రతివారూ ముందు 1215 నాటి మాగ్నా కార్టాకు దండం పెట్టుకుంటున్నారు. ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్‌లో ప్రభువులు జాన్ రాజు మెడలు వంచారని, అక్కడి నుంచి ప్రాణానికీ వ్యక్తిస్వేచ్ఛకూ రక్షణనిచ్చే మన రాజ్యాంగంలోని 21వ అధికరణం దాకా తిన్నటి దారి ఉందని తేల్చేస్తున్నారు. ఆ దారి అంత తిన్ననిది కాదు.

చట్టప్రకారం తప్ప చెరపట్టకూడదని, ఆస్తి లాక్కోకూడదని 39వ నిబంధన అన్నది నిజమే. ఆ రక్షణ ‘స్వేచ్ఛాపరుడి’కే. ప్రభువుల భూముల్లో వెట్టి చేసే రైతులు, అంటే జనంలో పెద్ద భాగం, అందులోకి రారు. రాజును కట్టడి చేయడానికి 61వ నిబంధన కింద ఏర్పడ్డ పాతికమందిలో లండన్ మేయరు తప్ప అందరూ తిరగబడ్డ ప్రభువులూ వారి వారసులే. మూడు నెలలు తిరక్కముందే పోప్ మూడో ఇన్నోసెంట్ ఆ పత్రాన్ని రద్దు చేశాడు.

అసలు మలుపు 1354లో వచ్చింది. మూడో ఎడ్వర్డ్ కాలపు చట్టం ‘స్వేచ్ఛాపరుడు’ అనే హద్దు చెరిపేసింది. ఏ అంతస్తువాడినైనా సరే, విచారణలో జవాబు చెప్పుకోనివ్వకుండా భూమి నుంచీ ఇంటి నుంచీ వెళ్లగొట్టకూడదంది. ‘డ్యూ ప్రాసెస్’, అంటే తగిన న్యాయప్రక్రియ అనే మాట, చట్టానికెక్కింది అప్పుడే. మన రాజ్యాంగ ముసాయిదా నుంచి తప్పించిందీ దాన్నే. 1948 డిసెంబరు చర్చలో ఆ తొలగింపును సమర్థించినవారిలో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ముఖ్యులు. అమెరికాలోలా జడ్జీలు సంక్షేమ చట్టాలకు అడ్డుపడతారని ఆయన భయం. భూసంస్కరణలు ముంగిట ఉన్న రోజుల్లో అది అర్థంలేని భయమేమీ కాదు. అలా తీసేసినదాన్ని 1978లో మేనకా గాంధీ తీర్పు దొడ్డిదారిన తెచ్చింది. మంచిదే అయింది.

ఇక ఈ రక్షణ నేటి పేదలకు ఎంత అందుతోందో ఢిల్లీలోని సరోజినీ నగర్‌లో చూడండి. అక్కడి సుమారు 200 గుడిసెల కూల్చివేతను 2022 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు ఆపింది. పిటిషన్ వేసినవారిలో మర్నాటి నుంచి బోర్డు పరీక్షలు రాయాల్సిన పదో తరగతి విద్యార్థిని ఉంది.

2024 నవంబరు 13 నాటి బుల్డోజర్ తీర్పు ఇలాంటివాళ్లకు ఏమిచ్చింది? కనీసం 15 రోజుల నోటీసు ఉండాలంది, తప్పు చేసిన అధికారే సొంత డబ్బుతో నష్టం పూడ్చాలంది. అందరూ మెచ్చుకున్నారు. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నీటివనరుల వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఈ ఆదేశాలు వర్తించవని అదే తీర్పులో ఉంది. నగరంలో నిరుపేద గుడిసె ఇంకెక్కడ ఉంటుంది? పట్టా ఉన్నవాడికి నోటీసు, లేనివాడికి యంత్రం. ఇది మళ్లీ 1215 నాటి ‘స్వేచ్ఛాపరుడే’.

చెరువుల్నీ రోడ్లనీ కాపాడొద్దా అంటారు. హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు కూల్చే ప్రభుత్వ సంస్థ హైడ్రా మాటా అదే. నోటీసిచ్చి వింటే చెరువెక్కడికీ పోదు. ఫుట్‌పాత్ మీద బతికేవారి మాటైనా మామూలుగా వినాల్సిందేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇద్దరు సభ్యుల ధర్మాసనం పెట్టిన మినహాయింపు దాన్ని దాటిపోలేదు. ఆ మినహాయింపును సుప్రీంకోర్టే తొలగించాలి.