ఇల్లాలి వైద్యము: జ్వరము పేలుట

వానకాలపు జ్వరము తగ్గుచుండగా పెదవి యంచున నీటిపొక్కులు గుత్తిగా లేచినచో "జ్వరము పేలినది, ఇక భయము లేదు" అని పెద్దలు తృప్తిపడుట కరీంనగరు, ఆదిలాబాదు సీమలలో మేము వినుచునే యున్నాము. రాత్రి పురుగు పాకినదని మఱికొందఱందురు. రెండును సరికావు. ఇది హెర్పిస్ సింప్లెక్స్ అను వైరసు పని. గ్రీకు భాషలో హెర్పిస్ అనగా ప్రాకునది. మన సర్పశబ్దమునకు దాయాది. పురుగు పాకినదన్నవారు మాటవఱకు గెలిచిరని మేము నవ్వుకొందుము.

ఈ వైరసు చాలమందికి బాల్యముననే పెద్దల ముద్దుల వలన సోకును. 2020 నాటి స్థితిని బట్టి లోకమున 50 ఏండ్ల లోపువారిలో నూటికి 64 మందికి కలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యంచనా. పొక్కులు మానినను అది దేహమును విడువక, ముఖమునకు పోవు నరముల మొదట నిద్రించును. జ్వరము, ఎండ, బడలిక, నెలసరి దానిని మేల్కొల్పును. వేసవిలో తునికాకు కోతకు పోవువారు కొంగు మూతిమీదికి కప్పుకొనుట మేలు.

ఇంతమందికి గల దానికి సిగ్గేల? అయినను పురిటింట మాత్రము మొగమాటము కూడదు. నెల నిండని శిశువునకు ఇది సోకినచో మెదడునకు, కాలేయమునకు ప్రాకి ప్రాణము తీయగలదు. తొట్టెల వేడుకకు వచ్చిన నాయనమ్మయైనను మూతి పేలియుండగా బిడ్డను ముద్దాడరాదు. బాలింతకు అత్తగారితో ఆ మాట యన నోరు రాదు. ఆమె తల్లియే "వదినె! చేతులు కడుగుకొని యెత్తుకొనుడు, మూతి మానినాక కఱవుదీర ముద్దాడుదురు గాని" అనవలెను. వియ్యపురాలు ఒకపూట అలిగినను సరియే. తల్లికే మూతి పేలినచో పాలిచ్చుట మానరాదు; చేతులు కడుగుకొని, మూతికి గుడ్డ కట్టుకొన్న చాలును. రొమ్ముమీదనే పొక్కులున్నచో ఆ వైపు పాలు ఈయక వైద్యుని యడుగవలెను. శిశువు పాలు త్రాగక మగతగా నున్నను, జ్వరము వచ్చినను, ఒంటిపై పొక్కులు కనబడినను ఆ గడియనే ఆసుపత్రికి కొనిపోవలెను.

పెద్దలకు సాధారణముగా పది దినములలో తనంత మానును. పెదవి చిమచిమలాడగానే ఎసైక్లోవిర్ లేపనము పూసినచో కొంత త్వరగా తగ్గును. ఈ మందు గెర్ట్రూడ్ ఎలియన్ అను విదుషీమణి నడిపిన పరిశోధన వలన వెలసినది. 1988లో ఆమెకు నోబెల్ బహుమానము లభించినది. సున్నము, పసరులు పూయరాదు, చర్మము కాలును. పొక్కులు గిల్లరాదు. తువాలు, గ్లాసు వేఱుగా నుంచుకొనవలెను. పెదవికి నేయి రాయుదురేని, ఆ వ్రేలిని మరల నేతిగిన్నెలో ముంచకుడు.

పొక్కు ముట్టిన చేతితో కన్ను నలుపుకొనరాదు. కన్నెఱ్ఱబడి నొప్పి పుట్టి, వెలుతురు చూడలేకపోయినచో కంటివైద్యుని కడకు పోవలెనే కాని, దుకాణమున నడిగి తెచ్చిన చుక్కలు వేయరాదు. అట్టి కొన్నింటిలోని స్టీరాయిడు ఈ వ్యాధిని పెంచి చూపునకే చేటు తెచ్చును.