అంగడి ఎద్దు, మార్చిన కారు

కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో పశువుల అంగడికి పోయిన రైతు ఎద్దును ఊరకే కొనడు. నోరు తెరిపించి పండ్లు చూచును. సుడులు చూచును. నాలుగడుగులు నడిపించి కాలు కుంటునేమో కనిపెట్టును. దళారి గుడ్డచాటున వ్రేళ్లు పట్టి ధర తేల్చవచ్చును గాని, ఎద్దు గుణమును కొనువాడే తేల్చుకొనవలెను. ఆ రైతు కుమారుడే నేడు పాత కారు కొనబోయినచో చూచునది రంగు, వినునది సైలెన్సరు ధ్వని.

2016 అక్టోబరులో ఈ రెండు పాత జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినవి. ఐనను గోదావరికి ఇరుప్రక్కల బ్రతుకు తీరు ఒక్కటే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయి కష్టించినవారి ధనము పెక్కు ఇండ్లలో కారు రూపము దాల్చుచున్నది. తండ్రికి కారు గౌరవము, కుమారునికి వేగము. వేగపు కారు క్రొత్తది కొనుటకు శక్తి చాలదు కావున, పాత పోలోయో ఆక్టేవియాయో కొని దానికి మార్పులు చేయించుట, లేదా ఇదివరకే ఒకరు మార్చినదానిని కొనుట మార్గమగుచున్నది. యంత్రమును విప్పి చూడవలెనను కోరిక తప్పు కాదు. నిజమునకు మన బడులలోని ప్రయోగశాలలకంటె మెకానిక్కు షెడ్డులలోనే భౌతికశాస్త్రము ఎక్కువగా నడచుచున్నదేమో!

ఆ శాస్త్రమునే కొంచెము పరికింపవలెను. నేటి కారులో ఇంజనుకు ఎంత ఇంధనము పోవలెనో, టర్బో ఎంత ఒత్తిడితో గాలిని నెట్టవలెనో నిర్ణయించునది ఒక చిన్న కంప్యూటరు. దానిలోని లెక్కలను మార్చుటనే రీమ్యాప్ అందురు. లాప్‌టాప్ తగిలించి స్వల్పకాలములో ముగించు పని అది. అదే ఇంజను ఎక్కువ శక్తి నిచ్చును. కాని ఆ శక్తిని మోయవలసిన క్లచ్చి, గేరుపెట్టె పాతవే. ఆపవలసిన బ్రేకులును పాతవే. గంటకు 60 కిలోమీటర్ల వేగము 120 అయినచో కారులోని గతిజశక్తి రెండింతలు కాదు, నాలుగింతలగును. బ్రేకు పట్టినపిమ్మట అది నిలుచుటకు పట్టు దూరమును ఇంచుమించు నాలుగింతలే. అసలు చక్రములకంటె ఎక్కువ చుట్టుకొలత గలవి బిగించినచో స్పీడోమీటరు నిజమైన వేగముకంటె తక్కువ చూపును. పదవ తరగతి విద్యార్థి కాగితముమీద చేయగల లెక్కలివి. రాజీవ్ రహదారిమీద చేయదగినవి కావు.

వేగము ఎవరిమీదికి పోవునో నడుపువానికి తెలియదు. 2022 జనవరి 30వ తేదీన కరీంనగరులో కమాను సమీపమున ఒక కారు దారిప్రక్క నున్నవారిమీదికి దూసికొనిపోగా నలుగురు స్త్రీలు మరణించిరి. నడిపినవాడు మైనరు, తండ్రిని పోలీసులు అరెస్టు చేసిరి. ఆ కారుకు మార్పులు చేసిరని చెప్పుట ఇక్కడి ఉద్దేశము కాదు. చెల్లించినవారు కారులో లేరని గుర్తుచేయుటయే.

ఇక చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములో 52వ సెక్షను ప్రకారము, తయారుచేసినవారు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రములో చేరిన వివరములకు విరుద్ధముగ వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీముకోర్టు ఈ మాటనే దృఢపరచినది. అదే సంవత్సరపు సవరణ వలన, చట్టము అనుమతింపని ప్రతి మార్పునకు యజమానికి 5,000 రూపాయల జుల్మానాగాని, ఆరు నెలలవరకు జైలుగాని, రెండునుగాని విధింపవచ్చును.

శాసనము కఠినమే, చూచువాడు ఎవడు? సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. ఆ 15 ఏండ్లలో సామాన్యముగ దానిని లోపలివరకు పరీక్షించు అధికారి లేడు. జర్మనీలో మార్పు చేసిన భాగమును నిపుణుడు పరీక్షించి కారు పత్రములలో వ్రాయుదురు. జపానులో క్రొత్త కారు మూడేండ్లకు, ఆపైన రెండేండ్లకొకసారి పరీక్షకు పోవలసినదే. అక్కడ మార్పు బహిరంగమగుచున్నది. ఇక్కడ నిషేధము కలదు, పరీక్ష లేదు, ఫలితము దాపరికము. అమ్మదలచినవాడు పాత లెక్కలను తిరిగి కంప్యూటరులో ఎక్కించును, విలువగల భాగములను విప్పి వేరుగ అమ్ముకొనును. కొనువానికి కనబడునది మామూలు కారు, చేతికి వచ్చునది అలసిన కారు. ప్రభుత్వము పరీక్షించి నమోదు చేయు పద్ధతిని ఏర్పరచనంతకాలము ఈ భారము కొనువానిమీదనే పడుచుండును.

అమ్మినవాడును సుఖముగ నిద్రింపలేడు. ఒక కారు పలుమారులు చేతులు మారి, పేరు మాత్రము మొదటివానిదే ఉండగా 2009లో ప్రమాదము జరిగెను. పత్రములో పేరున్నవాడే యజమాని, నష్టపరిహారము వానిదే అని 2018 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. రాష్ట్రములోపలనే అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా అధికారికి తెలుపవలెను. 2023 ఏప్రిలు 1వ తేదీనుండి పాత వాహనముల వర్తకులుకూడ అధికారపత్రము పొందవలెనను నియమము వచ్చినది. వాహనము తమ అధీనములోనికి వచ్చినట్లు తెలిపినంతనే వారే యజమానులుగ పరిగణింపబడుదురు. స్నేహితుని స్నేహితుడు అమ్మిపెట్టు కారునకు ఈ రక్ష లేదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టములో మోసమును వివరించు 17వ సెక్షనుక్రింద ఒక గుఱ్ఱము కలదు. ఆ గుఱ్ఱము మంచిది కాదని తెలిసియు ఒకడు వేలములో అమ్మెను, ఏమియు పలుకలేదు. అది మోసము కాదు. కొనునది అప్పుడే మేజరైన తన కూతురైనచో పలుకుట వాని విధి. మూడవ సందర్భము మరింత సరసమైనది: “నీవు కాదనకున్న గుఱ్ఱము మంచిదనుకొందును” అని కొనువాడు అడుగగా అమ్మువాడు ఊరకుండెను. ఆ మౌనము పలుకుటతో సమానము. తెలిసిన విషయమును పనిగట్టుకొని మరుగుపరచుట మోసమని అదే సెక్షను చెప్పును. పాత లెక్కలు తిరిగి ఎక్కించి కారును అమ్మువానిది వట్టి మౌనమనుట కష్టము.

కావున కొనువాడు ప్రశ్న వేయవలెను. నోటితో కాదు, కాగితముమీద. ఇంజను లెక్కలు ఎన్నడైన మార్చినారా, టర్బో, సైలెన్సరు, స్ప్రింగులు, చక్రములు, స్టీరింగు అసలువేనా, విప్పిన ఎయిర్‌బ్యాగు ఏదైన కలదా? బదులు వ్రాయించి సంతకము పెట్టించి, 29, 30 నెంబరు ఫారములతోపాటు భద్రపరచవలెను. సంతకమునకు జంకు అమ్మకందారుని కారు ఎంత నిగనిగలాడినను, అంగడిలో నోరు తెరువనీయని ఎద్దునకు పల్లె రైతు ఇచ్చు ధరయే దానికిని తగును.