వైర్‌లెస్ చార్జింగ్: ఫోనుకు కాదు, ఇ-రిక్షా స్టాండుకు



తీగచుట్టలో ఏకాంతర విద్యుత్తు పారితే దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం క్షణక్షణం మారుతుంది. ఆ క్షేత్రంలో పెట్టిన రెండో చుట్టలో, తాకకుండానే, కరెంటు పుడుతుంది. మైకేల్ ఫారడే 1831లో కనిపెట్టిన ఈ ప్రేరణే వైర్‌లెస్ చార్జింగ్‌కు మూలం. మన భిలాయికి ఇది పరాయి సంగతేమీ కాదు. పక్కనే ఉన్న రాయపూర్ శివార్లలోని సిల్తరా, ఉర్ల కార్ఖానాల్లో స్పాంజ్ ఐరన్‌ను కరిగించే ఇండక్షన్ ఫర్నేసులు పనిచేసేదీ దీనితోనే. ఫర్నేసులో లోహం వేడెక్కడమే కావలసిన పని. చార్జర్‌లో అదే వేడి నష్టం. రెండు చుట్టల మధ్య తాళంచెవి పడితే అదీ కాలుతుంది. అందుకే మంచి చార్జర్లు మధ్యలో లోహం ఉందని పసిగట్టగానే ఆగిపోతాయి.

ఫోన్ల వైర్‌లెస్ చార్జింగ్‌కు క్యూఐ అనే ప్రమాణం 2010లో వచ్చింది. మొదట 5 వాట్లు. 2023 నాటి క్యూఐ2లో అయస్కాంతాలు ఫోనును సరైన చోట పట్టి ఉంచడంతో 15 వాట్లు. చుట్టలు కాస్త పక్కకు జరిగితే చాలు, కరెంటులో మూడో వంతు దాకా వేడిగా పోతుంది. ఇంటి బిల్లులో ఇది లెక్కలోకి రాదు, ఏడాదికి రెండు మూడు యూనిట్లు. అసలు దెబ్బ బ్యాటరీకి. మే నెలలో 45 డిగ్రీలు తాకే ఊళ్లో, వేడికి త్వరగా ముసలిదయ్యే లిథియం బ్యాటరీ కింద మరో వేడి పలక పెట్టడం అనవసరపు దర్జా. ఫోనుకు తీగ చాలు.

వాహనాల లెక్క వేరు. నాగపూర్‌లోని ఇంజనీరింగ్ విద్యాసంస్థ వీఎన్ఐటీ, తిరువనంతపురంలోని పరిశోధన సంస్థ సీ-డాక్ కలిసి 1.5 కిలోవాట్ల స్వదేశీ చార్జర్‌ను తయారుచేశాయి. చుట్టల మధ్య 12.5 సెంటీమీటర్ల ఎడం ఉన్నా దాని సామర్థ్యం సుమారు 89 శాతం. 4.8 యూనిట్ల బ్యాటరీని దాదాపు మూడు గంటల్లో 90 శాతం నింపుతుంది. తీగ చార్జర్‌లోనూ కొంత నష్టం ఉంటుంది కాబట్టి అదనంగా పోయేది కొద్దే. పైగా ఇది 48 వోల్టులది. భిలాయిలోని పవర్ హౌస్, సుపేలా ప్రాంతాల దారుల్లో తిరిగే ఇ-రిక్షాల వోల్టేజీ సాధారణంగా అదే.

ఇ-రిక్షా రైల్వే స్టేషను ముందు వరుసలో తన వంతు కోసం నిలబడే సమయం ఇప్పుడు వృథా. నేలలో చార్జింగ్ పలక ఉంటే 20 నిమిషాల నిరీక్షణలో అర యూనిట్, అంటే సుమారు 8 కిలోమీటర్ల తిరుగుడు సమకూరుతుంది. వానలో ప్లగ్గు పట్టుకునే బెడదా ఉండదు. ఒక చిక్కు మాత్రం ఉంది: నెమ్మదిగా నిండే లెడ్-యాసిడ్ బ్యాటరీలకు ఈ కొసరు నింపుడు పెద్దగా ఉపయోగపడదు. లిథియం బండ్లకే ఫలితం. రెండు చుట్టలు, వాటి ఎలక్ట్రానిక్సు ఖరీదైనవి గనుక ఇంటింటికీ కాదు, పది బండ్లు వంతులవారీగా వాడుకునే స్టాండుకే గిట్టుబాటు.

బస్సుల విషయంలో తొందర అక్కర్లేదు. ప్రధానమంత్రి ఇ-బస్ సేవ కింద దుర్గ్-భిలాయికి మంజూరైన 50 బస్సులకు రాత్రి డిపోలో తీగ సరిపోతుంది. ఇటలీలోని ట్యూరిన్‌లో 2003 నుంచే చివరి స్టాపులో బస్సులకు తీగ లేకుండా చార్జింగ్ చేశారు. బ్యాటరీ చిన్నదైనా చాలునన్నది అక్కడి లాభం. డెట్రాయిట్‌లో 2023లో వేసిన రోడ్డులా, నడుస్తుండగానే నింపే పద్ధతికి రహదారినే తవ్వాలి. మన కార్పొరేషన్‌కు ఇప్పట్లో ఆ భారం వద్దు.

పవర్ హౌస్ స్టేషను దగ్గర ఒక్క స్టాండులో రెండు మూడు పలకలతో ప్రయోగం చేస్తే చాలు. అయితే కాంక్రీటులోని కమ్మీలు అయస్కాంత క్షేత్రాన్ని తాగి వేడెక్కుతాయి. చుట్ట కింద ఫెరైట్, అల్యూమినియం రేకు వేయాలి. ఆ మేర కమ్మీలను కిందికి దించాలి. స్టాండు నేల పోసే ముందే మునిసిపల్ ఇంజనీర్లు ఈ కొలతలు తేల్చుకోవాలి. పోశాక పగలగొట్టాలంటే అదనపు ఖర్చు.

— ఒక పాఠకుడు, భిలాయి