బరువు చూసి కొన్నాను

మన ఫొటోగ్రఫీ గ్రూపులో ఎవరైనా పాత లెన్స్ ఫొటో పెడితే కింద పడే మొదటి కామెంట్ ఎప్పుడూ ఒకటే: "ఫుల్ మెటల్ రా, ట్యాంక్ లా ఉంటది." నాలుగు నెలల క్రితం వరకు ఆ కామెంట్ పెట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు క్లబ్ డబ్బుతో ఫెస్ట్ కోసం ఒక సెకండ్ హ్యాండ్ 70-200 ఎఫ్/2.8 కొందామనే మాట నడుస్తోంది. అందుకే నా 16,500 రూపాయలు ఎలా పోయాయో ముందు చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెప్తాను. (ఎల్కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతుందనే ధైర్యంతో రాస్తున్నా.)

ఎండాకాలం సెలవుల్లో ఒక ట్యూషన్ సెంటర్‌కి వెబ్‌సైట్ చేసి పెడితే వచ్చిన డబ్బు అది. అమ్మినాయన లెన్స్ నా చేతిలో పెట్టి "బరువు చూడు తమ్ముడూ, ఇప్పుడు ఇలాంటివి ఎవరు చేస్తున్నారు?" అన్నాడు. చేతికి చల్లగా, బరువుగా తగిలింది. జూమ్ రింగ్ నూనె రాసినట్టు తిరిగింది. ముందు అంచున, ఫిల్టర్ బిగించే చోట, కొంచెం రంగు పోయి ఉంది. అడిగితే "వాడకం మచ్చ" అన్నాడు. నేను తలూపాను. అది ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, తప్పు కంపెనీది కాదు.

మూడు వారాల తర్వాత లైబ్రరీ మెట్ల మీద సీనియర్ల గ్రూప్ ఫొటో తీశాను. కుడివైపు వాళ్ల చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు. ఎడమవైపు నలుగురి ముఖాలు మాత్రం మసక. చెయ్యి వణికిందేమో అనుకున్నా. ఇంకో పది తీశా. పదింటిలోనూ అదే ఎడమవైపు.

మా మావయ్య తణుకు దగ్గర పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్, ఇరవై రెండేళ్ల నుంచీ. దసరా సెలవులకి వెళ్లినప్పుడు లెన్స్ ఆయన చేతిలో పెట్టాను. బరువు గురించి ఒక్క మాట అనలేదు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపాడు. వెనక మౌంట్ దగ్గర స్క్రూలు చూశాడు. ఒక స్క్రూ తల అరిగిపోయి ఉంది, అంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారు. ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి, ముందు నుంచి కాస్త వాలుగా చూశాడు. "దుమ్ము ఉంది, ఉండనీ, దాంతో ఏం కాదు. ఫంగస్ లేదు, అదృష్టవంతుడివి" అన్నాడు. తర్వాత రంగు పోయిన అంచు మీద గోరు పెట్టి చుట్టూ తిప్పాడు. ఒకచోట ఆగింది.

"ఇది పడిందిరా. రింగు వంగితే కొట్టి సరిచేశారు. పైన సరే, లోపల ఎవరు సరిచేస్తారు?"

లోపల పదీ పదిహేను గాజు ముక్కలు ఒకే గీత మీద ఉండాలి. ఒకటి వెంట్రుకవాసి పక్కకి జరిగినా, వాలినా, ఫొటోలో ఒకవైపు ఇలాగే పోతుంది. దీన్ని పట్టుకోవడానికి లాబ్ అక్కర్లేదు. అపర్చర్ పూర్తిగా తెరిచి, దూరంగా ఉన్న ఒక బోర్డునో కిటికీనో ఫ్రేములో నాలుగు మూలలకీ తెచ్చి నాలుగు ఫొటోలు తీసి పోల్చి చూస్తే చాలు. ఐదు నిమిషాల పని. అమ్మినాయన ఇంటి ముందు నాకు అరగంట టైం ఉంది. ఆ అరగంటా లెన్స్‌ని అరచేతిలో తూకం వేస్తూ గడిపాను.

సర్వీసుకి ఇస్తే 9,000 అడిగారు. పాత మోడల్ కాబట్టి పార్టు కావాల్సి వస్తే గ్యారంటీ లేదన్నారు.

ఇక నా వాదన. మనం బిల్డ్ క్వాలిటీ అంటున్నది నిజానికి పైన తొడుగు గురించి. మెటల్ అయితే గట్టి, ప్లాస్టిక్ అయితే చీప్ అనే లెక్క. కానీ పడినప్పుడు దెబ్బ ఎక్కడికి పోతుందన్నది అసలు ప్రశ్న. బరువైన వస్తువు గట్టిగా పడుతుంది. వంగని తొడుగు ఆ దెబ్బని లోపలికి పంపిస్తుంది. లోపల గాజుని పట్టుకుని ఉండేవి చిన్న చిన్న స్క్రూలు, రోలర్లు, జూమ్ చేసినప్పుడు గాజు జరిగే గాడులు. అవి ఎంత బాగా చేశారో బయట నుంచి కనబడదు. కానన్ 50 ఎం.ఎం. ఎఫ్/1.8 కథ చూడండి. 1987లో మెటల్ మౌంట్‌తో వచ్చింది. 1990లో రెండో వెర్షన్‌కి మౌంట్ కూడా ప్లాస్టిక్ చేశారు. 2015లో వచ్చిన ఎస్‌టీఎం వెర్షన్‌కి మళ్లీ మెటల్ మౌంట్ పెట్టారు. మధ్యలో పాతికేళ్లు ఆ ప్లాస్టిక్‌దే ఎంతమంది బ్యాగుల్లో ఉందో లెక్కలేదు. మా మావయ్య మొదటి లెన్స్ కూడా అదే. నేను అదేదో ప్రొఫెషనల్ లెన్స్ అనడం లేదు. మెటీరియల్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదంటున్నా.

వెదర్ సీలింగ్ కూడా అంతే. ఆ మాట వింటే వానలో తడిపేయొచ్చని అనుకుంటాం. చాలా లెన్సుల్లో అది మౌంట్ దగ్గర ఒక రబ్బరు రింగు, జాయింట్ల దగ్గర ఇంకొన్ని. కానన్ 17-40 ఎఫ్/4 ఎల్ లాంటి వాటికి ముందు ఫిల్టర్ బిగిస్తేనే ఆ సీలింగ్ పూర్తవుతుంది. పైగా రబ్బరు ముసలిదవుతుంది. పదిహేనేళ్ల లెన్స్‌కి కాగితం మీద సీలింగ్ ఉన్నా, గోదావరి జిల్లాల తేమలో దాన్ని కాపాడేది గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్, అప్పుడప్పుడూ బయటికి తీసి వాడడం. బీరువాలో బట్టల మధ్య భద్రంగా దాచిన లెన్సులకే ఫంగస్ ఎక్కువ వస్తుందని మావయ్య అంటాడు.

నాకు బాగా ఆసక్తిగా అనిపించిన భాగం ఇప్పుడు చెప్తాను, సీఎస్ఈ వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. లెన్స్ ఒంటరిగా బతకదు. దానికి డిపెండెన్సీలు ఉన్నాయి. నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చింది. మన తాతల కాలం నాటి ఇంటర్‌ఫేస్ అది. 1986 నుంచి వచ్చిన వాళ్ల ఆటోఫోకస్ లెన్సుల్లో చాలావాటికి సొంత మోటార్ లేదు. కెమెరా బాడీలో ఉన్న మోటార్ ఒక చిన్న మర ద్వారా లెన్స్‌ని తిప్పేది. 2018లో నికాన్ మిర్రర్‌లెస్ జెడ్ మౌంట్‌కి మారింది. పాత లెన్సుల కోసం ఇచ్చిన అడాప్టర్‌లో ఆ మోటార్ లేదు. గాజు చెక్కుచెదరలేదు, మెటల్ చెక్కుచెదరలేదు, ఆటోఫోకస్ మాత్రం పోయింది.

కానన్ కథ దీనికి రివర్స్. 1987లో పాత ఎఫ్‌డీ మౌంట్‌ని వదిలేసి ఈఎఫ్‌కి మారింది. పాత కస్టమర్లకి అది దెబ్బే. కానీ కొత్త మౌంట్‌లో మరలూ మీటలూ ఏమీ లేవు, అంతా కరెంటు సిగ్నళ్లే. అందుకే 2018లో ఆర్ఎఫ్ వచ్చినప్పుడు ఒక అడాప్టర్‌తో ఈఎఫ్ లెన్సులు మామూలుగా పనిచేశాయి. మెకానికల్ అంటే శాశ్వతం, ఎలక్ట్రానిక్ అంటే నాలుగు రోజుల ముచ్చట అని నమ్మే నాలాంటి వాడికి ఇది మింగుడుపడలేదు.

అలాగని ఎలక్ట్రానిక్‌కి జై కొట్టలేను. ఇప్పటి చాలా లెన్సుల్లో ఫోకస్ రింగ్‌కీ గాజుకీ మధ్య ఏ లింకూ లేదు. రింగ్ తిప్పితే సిగ్నల్ వెళ్తుంది, మోటార్ తిప్పుతుంది. ఆ మోటార్ పోయిందా, లోపల సన్నటి ఫ్లెక్స్ కేబుల్ తెగిందా, చేత్తో కూడా ఫోకస్ చేయలేం. కంపెనీ పార్టులు ఆపేస్తే అది బల్ల మీద పేపర్ వెయిట్. మరోపక్క సోవియట్ కాలం నాటి హీలియోస్ 44-2 ఇవాళ్టి మిర్రర్‌లెస్ మీద చిన్న అడాప్టర్‌తో పనిచేస్తుంది, దానికి కరెంటుతో పనే లేదు. కానీ హీలియోస్‌తో మావయ్యని తాళికట్టు తీయమనండి చూద్దాం. మంగళసూత్రం మూడు ముళ్లకి రీటేక్ లేదు. హోమం పొగ, పసుపు, కళ్లలో పడే తలంబ్రాలు, ఏసీ హాల్లోంచి బయటికి రాగానే లెన్స్ మీద పట్టే ఆవిరి. వీటన్నిటి మధ్య ఆ నాలుగు సెకన్లు ఫోకస్ పట్టడమే ఆయన లెక్కలో ప్రొఫెషనల్ అంటే.

అందుకే లెన్స్ ఎంత గట్టిది అని కాదు, ఇందులో ముందు పోయేది ఏది, పోతే ఎవరు బాగుచేస్తారు, పార్టు దొరుకుతుందా అని అడగాలి. గట్టిగా లేకపోయినా బాగుచేయగలిగింది నాకు మేలు.

ఇక విలువ. "లెన్స్ ఇన్వెస్ట్‌మెంట్ మావా, రేటు తగ్గదు" అని మనవాళ్లు అంటారు. బాడీతో పోలిస్తే లెన్స్ రేటు నెమ్మదిగా తగ్గుతుంది, అంతవరకు ఒప్పుకుంటా. కానీ మౌంట్ మారిన రోజు ఆ మాట ఎవరూ నిలబెట్టరు. మావయ్య తన టెలి జూమ్‌ని 62,000కి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. రెండుసార్లు సర్వీస్, ఇంకో 10,000. ఇప్పటికి దాంతో దాదాపు 400 పెళ్లిళ్లు తీశాడు. "పెళ్లికి 180 పడిందిరా. రేపు ఎవడూ కొనకపోయినా నాకు బాకీ లేదు" అన్నాడు. ఒక్క విషయంలో ఆయనతో ఒప్పుకోను. థర్డ్ పార్టీ లెన్సులు వద్దే వద్దంటాడు. సిగ్మా వాళ్లది యూఎస్‌బీ డాక్ పెట్టి ఇంట్లోనే లెన్స్ ఫర్మ్‌వేర్ మార్చుకోవచ్చని చూపిస్తే "లెన్స్‌కి కూడా అప్‌డేటా!" అని నవ్వాడు. నాకైతే అది బాగుచేసుకోవడంలో భాగమే.

కాబట్టి క్లబ్‌కి నా మాట ఇది. కొనడానికి వెళ్లేటప్పుడు ఇద్దరు వెళ్లండి. ఫోన్ టార్చ్, మన బాడీ, మెమరీ కార్డు తీసుకెళ్లండి. నాలుగు మూలల ఫొటోలు తీసి లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూడండి. జూమ్ అన్ని పొజిషన్లలో తిప్పి, కిందికి పట్టుకుని జారుతుందేమో చూడండి. బడ్జెట్‌లో ఐదో వంతు సర్వీసుకి పక్కన పెట్టండి. ఇంత చెప్పాక కూడా "కానీ మెటల్ బాడీ రా" అనేవాళ్లు ఉంటారు. నేనూ అలాంటివాణ్నే.

నా లెన్స్ ఇంకా నా దగ్గరే ఉంది. అపర్చర్ ఎఫ్/8కి మూస్తే ఎడమవైపు మసక చాలావరకు తెలియదు, గుట్టలూ చెరువులూ తీసుకుంటున్నా. పోయిన వారం ఒక జూనియర్ రూముకి వచ్చి చేతిలోకి తీసుకుని "అన్నా, ఎంత బరువుందో! 15,000కి ఇచ్చేస్తావా?" అన్నాడు. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు, నిజం చెప్తున్నా. తర్వాత లాప్‌టాప్ తెరిచి లైబ్రరీ మెట్ల ఫొటో చూపించాను. ఎడమవైపు పెద్దది చేసి చూశాడు. ఆలోచించి చెప్తానని వెళ్లాడు. ఇంకా చెప్పలేదు.