డెన్మార్క్ వంశవృక్షంలో తల్లులేరి?



గత సంచికలో డెన్మార్క్ రాజులపై వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే గోర్మ్ రాజు మొదలు సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే దక్కుతూ వచ్చిందన్న మాటతో ఏకీభవించలేను. 1042లో డెన్మార్క్ రాజు హార్దక్నూట్ సంతానం లేకుండా పోయాడు. నార్వే రాజు మాగ్నస్ అయిదేళ్లు ఏలాక, 1047లో గద్దెనెక్కిన స్వెయిన్‌కు ఆ హక్కు తల్లి ఎస్ట్రిడ్ వల్ల వచ్చింది. ఆమె హార్దక్నూట్ తండ్రి క్నూట్ మహారాజు తోబుట్టువు. అందుకే ఆయన తల్లి పేరుతో స్వెయిన్ ఎస్ట్రిడ్‌సెన్‌గా చరిత్రకెక్కాడు. ఆయన కొడుకులు అయిదుగురు ఒకరి తర్వాత ఒకరు రాజులయ్యారు.

రోస్కిల్డే కెథెడ్రల్ స్తంభంలో ఉన్నవి ఎస్ట్రిడ్ ఎముకలేనని వ్యాసకర్త రాశారు. అదీ నిలవదు. స్వెయిన్, ఆ స్తంభంలోని స్త్రీ ఇద్దరి పళ్ల నుంచి డీఎన్ఏ తీసి పోల్చారు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ కలవలేదు. పైగా ఆ స్త్రీ చిన్న వయసులోనే చనిపోయింది. ఎస్ట్రిడ్ కొడుకు రాజయ్యాక కూడా బతికే ఉంది కదా!

1448లో రాజుగా ఎన్నికైన ఓల్డెన్‌బర్గ్ క్రిస్టియన్‌కూ పాత వంశంతో చుట్టరికం తల్లి వైపు నుంచే. వ్యాసంలోని వంశవృక్షాన్ని సవరించి, ఈ స్త్రీల పేర్లతో మళ్లీ ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకురాలు, విజయవాడ