నిమ్మ రైతుకు రైతు బజారు ఎంతవరకు?

రాష్ట్రంలో రైతు బజార్లు మొదలై పాతికేళ్లు దాటింది. పంజాబులో 1987 నుంచి ‘అప్నీ మండీ’లు నడుస్తుండగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు ప్రారంభమయ్యాయి. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ‘ఉళవర్ సందై’ తెరిచింది. దళారీ లేకుండా రైతు, వినియోగదారుడు ముఖాముఖి కలుసుకోవాలన్నదే అన్నింటి ఉద్దేశం. అధికారులు పొలం చూసి గుర్తింపు కార్డు ఇస్తారు. స్థలానికి అద్దె లేదు, కమీషను లేదు. ఆ రోజు ధరను ఎస్టేట్ అధికారి టోకు ధర కన్నా కొంత ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా కొంత తక్కువగా ఉండేటట్లు నిర్ణయించి పలకపై రాయిస్తారు. ఆ తేడాలో ఇరువురికీ మేలు ఇమిడి ఉంది.

ఈ ఏర్పాటును ప్రతి పంటకూ, ప్రతి ప్రాంతానికీ ఒకే మందుగా సిఫారసు చేయడం విస్తరణ రంగంలో అలవాటుగా మారింది. గూడూరు ప్రాంతాన్ని పరిశీలిస్తే ఆ సిఫారసులోని లోటు బయటపడుతుంది. గూడూరు, సైదాపురం, వెంకటగిరి, రాపూరు, పొదలకూరు పరిసరాలు నిమ్మకు పేరుపడినవి. 2022లో జిల్లాల సరిహద్దులు మారాయి గాని నిమ్మకాయల దారి మారలేదు. తోటలో కోసిన కాయ బస్తాల్లో గూడూరు మార్కెట్టుకు చేరుతుంది, అక్కడ వేలంలో ధర పలుకుతుంది, అక్కడినుంచి లారీల్లో ఉత్తరాది నగరాలకు పోతుంది. ఢిల్లీలో ఎండ ముదిరితే ఇక్కడ ధర లేస్తుంది, అక్కడ వాన పడితే ఇక్కడ పడిపోతుంది.

ఇటువంటి పంటకు రైతు బజారు ఏ మేరకు ఆదరువు కాగలదు? చిన్న లెక్క చాలు. ఆరు మీటర్ల ఎడంలో నాటిన తోటలో ఎకరాకు సుమారు 110 చెట్లు పడతాయి. ముమ్మరపు కోతలో వారానికి చెట్టుకు ఐదు కిలోలు దిగాయనుకుంటే 550 కిలోలు. ఒక కుటుంబం వారానికి పావుకిలో కొన్నదనుకుంటే, ఆ ఒక్క ఎకరా కాయ అమ్ముడుపోవడానికి 2,200 కుటుంబాలు కావాలి. ఇక వందల ఎకరాల మాట చెప్పనక్కరలేదు. నిమ్మ రైతు దూరపు మార్కెట్టును విడిచిపెట్టలేడు. అతనికి కావలసింది వేలంలో పారదర్శకత, సరైన గ్రేడింగు, వేసవిలో కాయ వచ్చేటట్లు హస్తబహార్ పూతను రప్పించే యాజమాన్యం, ‘బాలాజీ’ వంటి గజ్జి తెగులును తట్టుకునే రకం.

అంటే నిమ్మ రైతుకు రైతు బజారుతో పనిలేదనా? ఉంది, అయితే కాయ అమ్మడానికి కాదు. నిమ్మ మొక్క నాటిన మొదటి మూడు నాలుగేళ్లు ఖర్చే తప్ప రాబడి ఉండదు. సన్నకారు రైతు అప్పులో పడేది సాధారణంగా ఈ కాలంలోనే. ఆ ఏళ్లలో వరుసల నడుమ బొబ్బర్లు, ఉల్లి, దోస, పుచ్చ, అపరాలు వేసుకోవచ్చునని శాస్త్రవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. నులిపురుగుల బెడద దృష్ట్యా మిరప, టమాట, వంగ వద్దనీ చెబుతున్నారు. చెప్పనిది ఒక్కటే: పండిన నలభై కిలోల దోసకాయలు ఏ ఊళ్లో, ఏ రోజు, ఏ వేళకు అమ్ముకోవాలో. లేత తోట రైతుకు రైతు బజారు నిజంగా అక్కరకు వచ్చేది ఇక్కడ. అంతర పంటల సిఫారసు, అమ్మకపు సిఫారసు ఒకే కాగితంపై ఉండాలి.

రైతుల పేరిట వ్యాపారులు కూర్చుంటున్నారన్న ఫిర్యాదు రైతు బజార్లపై తరచుగా వినిపించేదే. తనిఖీలు అవసరమే గాని వ్యాధి మూలం వేరే చోట ఉంది. ముప్పై కిలోల కూరగాయల కోసం ఒక మనిషి తెల్లవారుజామున బస్సెక్కి, మధ్యాహ్నం వరకు కాటా ముందు కూర్చుంటే ఆ రోజు పొలం పని పోతుంది, లేదా కూలి పోతుంది. ఆ నష్టాన్ని లెక్కవేసుకున్న రైతు కార్డును ఇంకొకరి చేతిలో పెట్టడంలో ఆశ్చర్యం లేదు. గ్రామానికి పదిమంది రైతులు బృందమై, వంతులవారీగా ఒకరు అందరి సరుకూ అమ్మేటట్లు బృందానికే కార్డు ఇస్తే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మహిళా సంఘాలకు ఈ పద్ధతి కొత్తది కాదు.

కొనేవారి వైపు సమస్య మరింత సామాన్యమైనది. పెద్ద నగరంలో రైతు బజారు ఎక్కడుందో అందరికీ తెలుసు. చిన్న పట్టణంలో వారపు సంత ఏ రోజు, రైతులు నేరుగా తెచ్చే ఆకుకూర ఏ వీధిలో దొరుకుతుంది అన్న సమాచారం నోటిమాటగానే మిగిలిపోయింది. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పిలువబడుతున్న గ్రామస్థాయి కార్యాలయాల వద్ద పంట నమోదు వివరాలు ఉంటాయి. ఏ గ్రామంలో ఏ కూరగాయ ఏ పక్షంలో కోతకు వస్తుందో వాటినుంచి ముందుగానే తెలుసుకోవచ్చు. దానిని పట్టణం వారికి తెలిపే పనిని మాత్రం ఎవరూ తమదిగా భావించడం లేదు.

గ్రామీణ కృషి అనుభవం కోసం పల్లెలకు వెళ్లే వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులకు ఇది చేతికందిన పని. నేల నమూనాలు తీయడం, చీడల గుర్తింపు నేర్చుకోవడంతో పాటు, వారానికి ఒక ఉదయం సంతలో నిలబడి మూడు అంకెలు రాసుకోవాలి: రైతు తెచ్చిన సరుకు ఎంత, చేతికి వచ్చిన సొమ్ము ఎంత, ప్రయాణానికీ కూలికీ పోయినది ఎంత. తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. పది రోజుల తేడాతో మూడు మడులుగా విత్తిన రైతుకూ, ఒకేసారి విత్తిన రైతుకూ ఈ మూడో అంకె తీసివేసిన తరువాత ఏమి మిగిలిందో పోల్చిచూస్తే, విత్తే తేదీల సిఫారసును సంతరోజులతో ముడిపెట్టి రాయడం సాధ్యమవుతుంది. గూడూరు చుట్టుపక్కల ఈ ఏడు కొత్తగా నిమ్మ నాటిన రైతులతోనే ఈ పని మొదలుపెట్టవచ్చు. వారి చేతిలో కాపు లేని ఏళ్లు ఇంకా మూడున్నాయి.