చెన్నపట్నం గవర్నరు, అమెరికా కాలేజీ

మనవాళ్ళ పిల్లలెవరికైనా అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో సీటొస్తే తిరుత్తణి నుంచి తిరువళ్ళూరు దాకా చెప్పుకుంటాం. ఆ పేరుకు మూలం మన చెన్నపట్నం కోటలో ఉందని ఎంతమందికి తెలుసు?

ఎలిహు యేల్ 1649లో బోస్టనులో పుట్టాడు. పసితనంలోనే ఇంగ్లండు తీసుకెళ్ళారు, మళ్ళీ అమెరికా ముఖం చూడలేదు. 1672లో ఈస్టిండియా కంపెనీ గుమాస్తాగా చెన్నపట్నంలో దిగాడు. ఆ జాగా 1639లో కంపెనీకి ఇచ్చింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన సోదరుడు అయ్యప్ప ఉండేది మన జిల్లాలోని పూందమల్లిలోనే. యేల్ వచ్చేనాటికి కంపెనీకి సరుకు సమకూర్చే పెద్ద వర్తకులు కాసి వీరన్న, బేరి తిమ్మన్న. కనుక ఆ దొర చెవిన తెలుగు బాగానే పడి ఉంటుంది!

1680 నవంబరులో కోటలోని సెయింట్ మేరీ చర్చిలో జరిగిన మొదటి పెళ్ళి ఆయనదే. 1687లో గవర్నరయ్యాడు. సొంత వ్యాపారాల గురించి ఫిర్యాదులు రాగా 1692లో ఆ పదవి పోయింది. జీతానికీ ఆస్తికీ పొంతన లేకపోతే మా బ్యాంకుల్లో అయితే ఆడిటరు అంతకాలం ఊరుకోడు. ఆస్తి మాత్రం భద్రంగా ఇంగ్లండు చేరింది.

కనెక్టికట్‌లో 1701లో పెట్టిన చిన్న కాలేజీకి భవనం కట్టడానికి డబ్బు చాలలేదు. కాటన్ మాథర్ అనే బోస్టను మతాచార్యుడు, సాయం చేస్తే మీ పేరు పెడతారని సూచిస్తూ యేల్‌కు ఉత్తరం రాశాడు. 1718లో ఆయన 9 బేళ్ళ సరుకు, 417 పుస్తకాలు, జార్జి రాజు చిత్రపటం పంపాడు. కాలికో, మస్లిన్ బట్టలున్న ఆ బేళ్ళు అమ్మితే 562 పౌన్లు వచ్చాయి. శాశ్వత కీర్తి ఇంత చవకగా దొరకడం అరుదు.

ఇక్కడితో ఆపితే కథ ముచ్చటగానే ఉంటుంది. కానీ ఖాతాకు రెండోవైపు కూడా ఉంది. 1687 ప్రాంతంలో ఇక్కడ కరువొచ్చి జనం అమ్ముడుపోతుంటే, ఐరోపా వెళ్ళే ప్రతి ఓడలోనూ కనీసం పదిమంది బానిసలను పంపాలని కోట కౌన్సిలు ఆజ్ఞాపించింది. ఆ కౌన్సిలులో యేల్ ఉన్నాడు. గవర్నరయ్యాక దాన్ని అమలూ చేశాడు. మరుసటి ఏడాది మొగలు ప్రభుత్వానికి వెరచి ఆ ఎగుమతిని నిషేధించారు.

బానిసత్వంతో తనకున్న సంబంధాలకు 2024 ఫిబ్రవరిలో ఆ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. మన తీరం నుంచి ఓడెక్కించినవాళ్ళ పేరు మీద అక్కడొక గది కూడా లేదు.